బాహా టీమ్‌లో చేరమంటారా మేడమ్?

ప్రశ్న: మేడమ్, నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో బీటెక్ మెకానికల్ రెండో ఏడాది చదువుతున్నాను. మాది పలాస దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మా దగ్గర బాహా అనే ఇంజినీరింగ్ కాలేజీల పోటీకి, ఎగుడుదిగుడు నేల మీద నడిచే చిన్న బండి తయారుచేసే స్టూడెంట్ టీమ్ ఉంది. చేరాలని ఉంది గానీ ఇంగ్లిష్ తడబడుతుంది, బండ్ల గురించి ఏమీ తెలియదు. సీనియర్ అక్క ఒకరు 'అమ్మాయిలకి పీపీటీలే ఇస్తారు' అన్నారు. నాన్నేమో మార్కులు పోతాయి, వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చేరమ్మా. అయితే చేరేటప్పుడే బండి మీద పని అడుగు.

ఇలాంటి టీమ్‌లకు చాలా ఏళ్లు ఫ్యాకల్టీ అడ్వైజర్‌గా ఉన్నాను. మీ సీనియర్ చెప్పింది అబద్ధమని అనలేను. స్పాన్సర్లకు ఉత్తరాలు, పీపీటీలు అమ్మాయిలకు. వెల్డింగ్, అసెంబ్లీ అబ్బాయిలకు. ఈ పంపకం ఎవరూ నోరు తెరిచి చెప్పరు, దానంతట అదే జరిగిపోతుంది. ఆ పనులు చిన్నవని కాదు, స్పాన్సర్ దొరక్కపోతే బండే లేదు. కానీ మెకానికల్ చదివిన పిల్ల నాలుగేళ్లూ స్పానర్ పట్టకుండా బయటికొస్తే నాకు బాధేస్తుంది. అందుకని సెలక్షన్‌లో 'ఏ పనైనా చేస్తాను' అనకు. 'నాకు బ్రేకులు ఇవ్వండి' అని అడుగు.

బ్రేకులే ఎందుకంటే, కొత్తవాళ్లకు త్వరగా పట్టుబడేదీ, టీమ్ తేలిగ్గా తీసుకోలేనిదీ అదే. మన దేశంలో బాహా పోటీ 2007లో ఇండోర్ దగ్గరి పీతంపూర్‌లో మొదలైంది. ఈ పోటీలో బండిని పరుగెత్తించి బ్రేకు కొట్టమంటారు. నాలుగు చక్రాలూ లాక్ కావాలి. కాకపోతే ట్రాక్ మీదికి పంపరు, నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు మాటే ఉండదు. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉన్న బండ్లు కూడా అక్కడే ఆగిపోవడం చూశాను.

చాలాసార్లు కారణం బ్రేకు లైన్లో, అంటే బ్రేకు ఆయిల్ వెళ్లే గొట్టంలో, చిక్కుకున్న గాలి. ఆయిల్ అణగదు, గాలి అణుగుతుంది. పెడల్ తొక్కితే దూది మీద కాలేసినట్టు మెత్తగా దిగిపోతుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. రెండోవాళ్లు చక్రం దగ్గర క్యాలిపర్ (చక్రంతో తిరిగే డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) మీదున్న బ్లీడర్ నిపిల్‌ని, అంటే గాలి వదిలే చిన్న మరని, స్పానర్‌తో కాస్త వదులు చేయాలి. దానికి తగిలించిన గొట్టంలోకి ఆయిల్‌తోపాటు బుడగలు వస్తాయి. నిపిల్ బిగించాకే పెడల్ మీంచి కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది. 'తొక్కు, పట్టుకో, బిగించాను, కాలు తియ్యి' - బుడగలు ఆగేదాకా ఇదే పని. మధ్యమధ్యలో రిజర్వాయర్‌లో ఆయిల్ అడుగంటకుండా చూసుకోవాలి. ఓపిక ఉన్న పిల్ల రెండు సాయంత్రాల్లో నేర్చుకుంటుంది.

ఇంగ్లిష్ కావలసింది డిజైన్ రౌండ్లో. జడ్జీలు ప్రతిదానికీ 'ఎందుకు' అంటారు. డిస్క్ సైజు ఇంతే ఎందుకు, రెండు వేర్వేరు హైడ్రాలిక్ సర్క్యూట్లు (బ్రేకు ఆయిల్ దారులు) ఎందుకు అని. ఒకటి లీకైనా కనీసం రెండు చక్రాలకు బ్రేకు మిగలాలి కాబట్టి అని నువ్వు రెండు ముక్కల్లో చెప్పగలవు. లెక్క తను వేయనివాళ్లకు ఎంత ఇంగ్లిష్ వచ్చినా మూడో ప్రశ్నకు మాట ఆగిపోతుంది. రూల్‌బుక్‌లో బ్రేకుల భాగం చిన్నదే. డిక్షనరీ పక్కన పెట్టుకుని అది మాత్రం ఇంటర్వ్యూకి ముందే చదువుకో.

నాన్నగారి భయంలో న్యాయం ఉంది. హాజరు 75 శాతం కంటే తగ్గితే పరీక్షల దగ్గర చిక్కు వస్తుంది. మిడ్ పరీక్షలు, ఫ్యాబ్రికేషన్ (బండి తయారీ పని) ఒకే వారంలో వచ్చి పడతాయి. పోటీకి వెళ్లిన రోజులకు హాజరు వేస్తారా అని డిపార్ట్‌మెంట్‌లో ముందే కనుక్కో. ఒక్కొక్కరి వాటా డబ్బు ఎంత, ఎప్పుడు కట్టాలి అనేదీ చేరకముందే అడుగు, మొహమాటపడకు. మధ్యలో 'ఇంకో ఐదు వేలు తెండి' అంటే ఇంట్లో ఏం చెప్తావు? ఇవన్నీ కాగితం మీద రాసుకుని నాన్నగారితో కూర్చుని మాట్లాడు. బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఏదైనా ఉంటే మాత్రం ఈ ఏడు ఆగి, అది క్లియర్ చేసుకుని మూడో ఏడాదిలో చేరు.

రాత్రిపూట పనికి హాస్టల్ అనుమతి తేవాల్సింది టీమ్ కెప్టెన్, నువ్వు ఒక్కదానివే వార్డెన్ చుట్టూ తిరగడం కాదు. మొదటి రోజు బూట్లు వేసుకుని వెళ్లు. చున్నీ వద్దు, జడ ముడి వేసుకో. కళ్లకు అద్దాలు ఇవ్వకపోతే అడిగి తీసుకో, అవి పెట్టుకోకుండా గ్రైండర్ దగ్గరికి వెళ్లొద్దు.