కృష్ణ ఒడ్డు బాటల్లో సైకిల్ తొక్కబోయే మేనకోడలికి

బిడ్డా,

నువ్వూ నీ ఇద్దరు దోస్తులూ కొల్లాపూర్ నుంచి సోమశిల, జటప్రోలు, వీలైతే అలంపూర్ దాకా మౌంటెన్ బైకుల మీద తిరగాలనుకుంటున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. తప్పకుండా పోండి. మన పాలమూరుకు సముద్రం లేకపోయినా శ్రీశైలం జలాశయం వెనక నీళ్ల పుణ్యమా అని పొడుగాటి తీరం ఉంది. కాకపోతే ఈ తీరం ఒక్కచోట నిలబడదు. అది తెలియకుండా బయలుదేరితేనే చిక్కు.

జలాశయం నిండు మట్టం 885 అడుగులు. వానాకాలం వరదకు నిండినప్పుడు నీళ్లు చెలక గెట్ల దాకా వస్తాయి. సంక్రాంతి దాటినంక దిగుతూ పోయి, ఎండాకాలానికి ఒడ్డు చాలా దూరం లోపలికి జరుగుతుంది. ఎవరో మార్చిలో తొక్కి ఫోన్లో దాచిన బాట మీకు అక్టోబర్లో నీళ్ల కింద ఉంటుంది. కాబట్టి పోయే ముందు రోజు పేపర్లో జలాశయం మట్టం చూడండి, సోమశిలలో పడవవాళ్లనో చేపలు పట్టేవాళ్లనో అడగండి. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా మంచి కాలం.

నీళ్లు కొత్తగా దిగిన నేల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనిషి ఎముకలు విరిగేది అక్కడే. ఒండ్రు మీద ఎండకు పెచ్చు కడుతుంది. నెర్రెలు బారి, తెల్లగా, గట్టిగా కనబడుతుంది. అడుగున జానెడు లోతున ఇంకా బురదే. ముందు చక్రం పెచ్చు పగిలి దిగబడితే సైకిల్ అక్కడే ఆగుతుంది, నువ్వు హ్యాండిల్ మీది నుంచి ముందుకు పోతావు. పశువుల గిట్టల గుర్తులు చూడు. గుర్తు లోతుగా ఉండి అడుగు తడిగా మెరుస్తుంటే అటు పోవద్దు. అనుమానం ఉంటే దిగి మడమతో గట్టిగా తొక్కు, లేకుంటే కట్టెతో పొడువు. ఒక్క పోటుకే దిగితే వెనక్కి మళ్లు. వరద వదిలిపెట్టిన ఎండు గడ్డి, పుల్లలు ఒక గీతలా పడి ఉంటాయి. ఆ గీతకు పై వైపే, రాళ్లూ మొరమూ ఉన్నచోటనే తొక్కండి. కాలు కూరుకుపోతే నిలబడి గుంజకు. సైకిల్‌ని అడ్డంగా పడుకోబెట్టి దాని మీద బరువు ఆన్చి కాలు తీసుకో.

నల్లరేగడి ఇంకో తీరు సతాయిస్తుంది. వాన పడితే రెండు రోజులు ఆ బండ్లబాటలు ముట్టుకోవద్దు. మట్టి టైరుకు, ఫ్రేముకు నడుమ ఇరికి చక్రం తిరగదు. అప్పుడు బలవంతంగా పెడల్ తొక్కితే వెనక గేర్లు మార్చే డీరైలర్ మెలితిరిగి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ పుటుక్కున విరుగుతుంది. పుల్లతో గీకి, సైకిల్‌ని ఎత్తుకొని దాటడమే మేలు. ఎర్ర చెలకలకు ఈ బాధ లేదు, వాన వెలిసిన కొన్ని గంటలకే బాట తొక్కేటట్టు అవుతుంది.

ఇక ముండ్లు. ఇక్కడ టైరుకు శత్రువులు ఇద్దరు. పల్లేరుగాయలు నేలకు అంటుకొని ఉంటాయి, చిన్న చిన్న బొక్కలు పది చేస్తాయి. సర్కారు తుమ్మ ముల్లు పొడుగు, టైరు పక్క గోడను కూడా చీలుస్తుంది. నా మాట వింటే ట్యూబ్‌లెస్ చేయించండి. 29 అంగుళాల, 2.25 వెడల్పు టైరుకు ఒక్కోదానికి 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే బొక్కలు పూడ్చే ద్రవం, పోయాలి. మన ఎండకు అది తొందరగా గడ్డకడుతుంది, రెండు నెలలకోసారి విప్పి చూసి 50 మిల్లీలీటర్లు కలపాలి. పల్లేరు బొక్కలను సీలెంట్ తనంతట తాను మూస్తుంది. తుమ్మ ముల్లు గుచ్చుకుంటే దాన్ని తీసి, బొక్క కిందికి వచ్చేటట్టు చక్రం తిప్పి ఒక నిమిషం ఉంచు. అప్పటికీ బుసబుసమంటే ప్లగ్, అంటే బొక్కను మూసే రబ్బరు ముక్క, దూర్చు. గోడ చీలితే ట్యూబ్ వేయక తప్పదు. ట్యూబ్ వేసే ముందు పాత గుడ్డను టైరు లోపల చుట్టూ తిప్పాలి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండిపోతే గుడ్డకు తగులుకుంటుంది. ఈ పని మరిచిపోతేనే కొత్త ట్యూబ్ కూడా అర కిలోమీటరులో కూర్చుంటుంది.

గాలి ఎంత అంటావా, నీలాంటి 55, 60 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్‌లో ముందు 20 నుంచి 22 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనక 23 నుంచి 25. ట్యూబ్ ఉంటే ముందు 28, వెనక 31. ఇంతకన్నా తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్ముకు నలిగి పక్కపక్కన రెండు కోతలు పడతాయి. ఎక్కువైతే మొరం మీద పట్టు పోతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో అందాజుగా కొట్టించుకోవద్దు, మీటర్ ఉన్న చేతిపంపు కొనండి.

గుట్టల దగ్గర పరుపుబండ వస్తుంది. పొడిగా ఉన్న బండ టైరును బాగా పట్టుకుంటుంది, భయపడకు. భయపడాల్సింది దాని మీద చల్లినట్టుండే మొరం గింజలకు. అవి టైరు కింద గోలీకాయల్లా దొర్లుతాయి. బ్రేకు బండ మీదికి రాకముందే వేసుకో, మలుపులో వేయకు. దిగుడులో సీటు రెండు మూడు అంగుళాలు దించి, పెడళ్లు రెండూ సమానంగా ఉంచి, నడుము వెనక్కి జరిపి, బరువంతా పాదాల మీద పెట్టు. బ్రేకుకు ఒక్కో వేలు చాలు. ఒర్రెల్లో ఇసుక వస్తే ముందే చిన్న గేరుకు మార్చి, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా తొక్కుకుంటూ పో. నడుమ ఆగితే మళ్లీ కదలదు.

చైనుకు బండి ఆయిల్ పోయొద్దు. దుమ్ము పట్టి ఆకురాయిలా అరగదీస్తుంది. పొడి నేలకు అమ్మే చైన్ ల్యూబ్ ఒక్కో లింకుకు ఒక్క బొట్టు వేసి, పైపైన ఉన్నది గుడ్డతో తుడిచేయాలి. ఆ బొట్టు డిస్కు మీద పడితే బ్రేకు కీచుమంటుంది, పట్టదు. స్పిరిట్‌తో తుడవండి. సంచిలో రెండు ట్యూబులు, ప్లగ్గులు, మీ సైకిల్‌కే సరిపోయే హ్యాంగర్ ఒకటి, తెగిన చైనును మళ్లీ కలిపే క్విక్ లింక్, చైన్ కట్టర్, 4, 5, 6 ఎంఎం అలెన్ కీలు, ముల్లు గుంజే చిమ్టా ఉండాలి. హ్యాంగర్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు ఉంటుంది, కొల్లాపూర్లో దొరుకుతుందని నమ్ముకోవద్దు.

నాలుగు గంటల తిరుగుడుకు మనిషికి మూడు లీటర్ల నీళ్లు, అందులో ఒక లీటరులో ఓఆర్‌ఎస్ కలుపుకోండి.

తెల్లవారకముందు మాత్రం బయలుదేరొద్దు, ఎండ తప్పించుకుందామన్నా సరే. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ కరెంటు తీగ కడతారు. అది చీకట్లో కనబడదు, మనిషి ప్రాణం తీస్తుంది. చేలల్లోంచి అడ్డం పడకండి, బండ్లబాట వదలకండి. రాళ్లగుట్టల దగ్గర పొద్దుగూకే వేళ ఎలుగుబంట్లు తిరుగుతాయి, మాట్లాడుకుంటూ పోండి. గొర్లమంద ఎదురైతే దిగి పక్కకు నిలబడండి. కాపలా కుక్క మీదికొస్తే ఉరకొద్దు, సైకిల్‌ని నడుమ అడ్డం పెట్టుకొని మెల్లగా నడవండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ హద్దు లోపలికి అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క చక్రం కూడా పోనివ్వద్దు.

ఇంత దూరం పోయి గుడులను ఊరికే చూసి రాకండి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సిన గుడులను రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చి మళ్లీ పేర్చారు. సోమశిల గుడి, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, మంచాలకట్ట నుంచి కొల్లాపూర్‌కు వచ్చిన మాధవస్వామి గుడి, కూడవెల్లి నుంచి అలంపూర్‌కు వచ్చిన సంగమేశ్వరాలయం, అన్నీ అట్లా వచ్చినవే. మనుషులు అంత కష్టపడి నీళ్ల నుంచి కాపాడిన రాళ్ల మీద టైరు గుర్తు పడితే నాకు మనసు ఒప్పదు. మెట్లున్నాయి కదా అని దూకించొద్దు, మంటపానికి సైకిల్ ఆనించొద్దు, పెడల్ కొసకే చెక్కడం పెచ్చు లేస్తుంది. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంవి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. అక్కడ సైకిళ్లు బయట తాళం వేసి, తుంగభద్ర కృష్ణలో కలిసేచోటు చూడాలంటే గొందిమళ్ల వైపు పోండి.

నది అవతలి సంగమేశ్వరం గుడి వేరే, అది ఏడాదిలో కొన్ని నెలలే నీళ్ల పైకి తేలుతుంది. పడవలో పోతే లైఫ్ జాకెట్ లేనిది ఎక్కొద్దు, సైకిళ్లు ఒడ్డునే వదలండి.

మీ ముగ్గురి టైర్ల పక్కన ఏ సైజు రాసుందో, రిమ్ము మీద ట్యూబ్‌లెస్ అని ఉందో లేదో చూసి నాకు పంపు. రిమ్ముకు కుదరకపోతే ఏ ట్యూబులు కొనాలో చెప్తాను, అప్పటిదాకా సీలెంట్ కొనకండి.

మీ మేనమామ