'పడవ'ను 'పాడవా' చెయ్యొద్దు

పాపా,

ఆ హిట్ పాటలో డ్రమ్ములన్నీ తీసేసి, ఒక్క గిటార్ మీద జానపదంలా నెమ్మదిగా పాడబోతున్నావని మీ నాయన చెప్పాడు. మన ప్రొద్దుటూరు ఇంట్లో మళ్ళీ ఒకరు పాట పట్టుకున్నారని సంతోషం. ఆ వెంటే టెన్షన్. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు. శ్రుతి దించుకో, కానీ కింది స్వరాలు వినపడనంతగా వద్దు. తెల్లవారకముందే మిద్దె మీద రికార్డు చెయ్యి, లారీల మోత ఉండదు. నెట్‌లో పెట్టేముందు హక్కులున్నవాళ్ళ అనుమతి అడుగు. పాట రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు తప్పకుండా వెయ్యి.

నాకు 22 ఏళ్ళప్పటి మాట. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రి వెన్నెల్లో జరుగుతుంది కదా, జనం సాయంత్రం నుంచే కూర్చున్నారు. మా చెక్కభజన గుంపు ఒక పక్కన చేరింది. అప్పట్లో అందరి నోళ్ళలో ఆడుతున్న సినిమా పాటను నేను తంబుర మీద సగం వేగంలో ఎత్తుకున్నాను. అందులో 'పడవ' అనే మాట ఉంది. అసలు పాటలో చిటికెలో దాటిపోతుంది. నెమ్మది చేసేసరికి తాళంలో బోలెడు చోటు మిగిలింది. ఆ ఖాళీ చూసి భయపడి, 'ప' మీద గమకాలు వేసి సాగదీశాను. ముందు వరుసలో ఒక అవ్వ వంగి, "ఎవుర్ని నాయనా, పాడవా పాడవా అని అడుగుతాండావు?" అంది. ఆమె నిజంగానే అడిగింది. పాట ఆపలేక, తల దించుకునే ముగించాను.

మా గురువు తిట్టలేదు. మర్నాడు పెన్న ఒడ్డున కూర్చోబెట్టి, "హ్రస్వం మీద నిలబడొద్దురా. 'వ' దాకా పోయి నిలబడు, పడవను పిలిచినట్టుంటుంది" అని ఆ ఒక్క మాటనే పొద్దుగూకేదాకా పాడించాడు.

'కల' సాగితే 'కాల', 'మది' సాగితే 'మాది'. వేగంలో డ్రమ్ము ఇవన్నీ కప్పేస్తుంది, నీ గిటార్ కప్పదు. అందుకే ముందు పాటను కాగితం మీద రాసుకుని, మాట్లాడినట్టు చదువు. హ్రస్వాల కింద గీత గియ్యి. మిగిలిన చోటు తీగకు వదిలెయ్యి. తీగ మోగుతుంటే గొంతు ఊరుకున్నా పాట నడుస్తూనే ఉంటుంది.

ఇంకొకటి. మెల్లగా పాడమంటే గుసగుసలాడమని కాదు, అలా పాడితే గొంతు ఇంకా త్వరగా అలిసిపోతుంది. పోయినసారి జ్వరంతో పాడి వారం రోజులు మాట రాక కూర్చున్నావు. మళ్ళీ ఆ మొండితనం చేశావో, ఊరుకోను తల్లీ. నువ్వు సైగలు చేస్తుంటే చూడలేకపోయాను.

తంబుర అటక మీదే ఉంది, తీగలు మార్పిస్తున్నాను. కావాలంటే వచ్చి నీ వెనక కూర్చుని శ్రుతి వేస్తాను. వద్దనుకుంటే చెప్పు, కింద గదిలో కూర్చుని వింటాను.

నీ పెద్దనాయన