అన్నకు విల్సన్ వ్యాధి... ఆరోగ్యంగా ఉన్న చెల్లెలికీ పరీక్ష చేయించాలా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది శ్రీకాకుళం జిల్లా పలాస. మా అబ్బాయికి 17 ఏళ్లు. ఏడాదిగా కుడిచెయ్యి వణుకుతోంది, మాట ముద్దగా వస్తోంది, చొంగ కారుతోంది. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించాం. చివరికి విశాఖపట్నంలో విల్సన్ వ్యాధి అని చెప్పి మందులు రాశారు. మాది మేనరికం, దానివల్లే వచ్చిందని బంధువులు అంటున్నారు. మా అమ్మాయికి 12 ఏళ్లు, హుషారుగానే ఉంది. తనకు పరీక్ష అవసరమా?
- ఒక తల్లి

సమాధానం: అవసరమేనమ్మా, వాయిదా వేయకండి. హుషారుగా ఉన్నప్పుడే పట్టుకోవలసిన జబ్బు ఇది.

మనం తినే తిండిలో కొద్దిగా రాగి ఉంటుంది. అక్కరకు మించిన రాగిని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపుతుంది. ఆ పని ఏటీపీ7బీ అనే జన్యువుది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతుల్లోనూ లోపం ఉంటే రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో పేరుకుంటుంది. విల్సన్ అనే నరాల వైద్యుడు ఈ జబ్బును 1912లో వివరించారు; జన్యువు దొరికింది మాత్రం 1993లో.

మేనరికంలో ఒకే పూర్వీకుడి లోపం ఇద్దరికీ వచ్చే అవకాశం ఎక్కువ, నిజమే. బయటి సంబంధం చేసుకున్నవారి పిల్లలకూ ఇది వస్తుంది. మీరిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు, మీలో లోపం దాగి ఉందని ఎవరికి తెలుస్తుంది? ఆ నింద మీ నెత్తిన వేసుకోకండి.

మీ అమ్మాయికి ఈ జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంపుతో, అంటే కంటిని పెద్దదిగా చూపే పరికరంతో, నల్లగుడ్డు అంచున రాగి పేరుకుని ఏర్పడే గోధుమరంగు వలయం ఉందేమో చూస్తారు. లక్షణాలు లేని పిల్లల్లో అది కనిపించకపోవచ్చు, కాబట్టి అక్కడితో ఆగకూడదు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీను, 24 గంటల మూత్రంలో రాగి ఎంతున్నాయో చూడాలి. జన్యువు ఒక్క ప్రతిలోనే లోపం ఉండి జబ్బు రానివారిలోనూ సెరులోప్లాస్మిన్ తగ్గవచ్చు. అందుకే జన్యు పరీక్ష మేలు. ముందు బాబు జన్యువులో లోపం ఎక్కడుందో తేలితే, పాపలో ఆ చోటు చూస్తే చాలు. జబ్బు ఉందని తేలినా జింకు వంటి మందుతో వణుకు మొదలవకుండానే ఆపవచ్చు. నరాల జబ్బుల్లో ఇలాంటి అవకాశం దొరకడం అరుదు.

బాబు విషయం. ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపే పెనిసిలమిన్ అనే మందు ఇచ్చి ఉంటే మొదటి వారాల్లో కొందరికి వణుకు పెరుగుతుంది. భయపడి మీరే మానేయకండి, రాసిన డాక్టరుకు వెంటనే చెప్పండి. నయమైందనిపించినా మందు జీవితాంతం వాడాలి. మధ్యలో ఆపేసి కాలేయం చెడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. జీడిపప్పులో రాగి ఎక్కువ. పలాసలో ఉంటూ పిల్లాణ్ణి దానికి దూరం పెట్టడం కష్టమే, అయినా మొదటి ఏడాది తప్పదు. రాగి బిందెలో నీళ్లూ వద్దు. చోళ్ల (రాగుల) అంబలి మానక్కర్లేదు. రాగులకూ రాగి లోహానికీ పోలిక పేరులోనే.

ఒక పని చేయండి. బాబు తొమ్మిదో తరగతి నోటుపుస్తకాన్నీ ఇప్పటి పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి, అక్షరాలు ఏ నెల నుంచి వంకర పోయాయో చూడండి. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రెండు పుస్తకాలూ పట్టుకెళ్లండి, పాపను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.