తుపాకీ కొంటే డబ్బు నిలుస్తుందా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. ఈమధ్యే తుపాకీ లైసెన్సు వచ్చింది. తెలిసినవారి దగ్గర పాత విదేశీ పిస్టల్ 6 లక్షలకు వస్తోంది. బంగారంలాగే దాని ధర పడదంటున్నారు. లేదంటే కాన్పూర్‌లో తయారయ్యే కొత్త రివాల్వర్ కొనాలి. ఎఫ్‌డీలో 9 లక్షలున్నాయి. రెండేళ్లలో అబ్బాయి ఇంజినీరింగ్ చేరతాడు. ఏది కొనమంటారు?

జవాబు: ఆ ఎఫ్‌డీ మాత్రం కదపకండి. అది మీ అబ్బాయి ఫీజు.

బంగారంతో పోలిక నాకు అస్సలు నచ్చలేదు. బంగారమైతే ఇవాళ సాయంత్రమే బజారుకెళ్లి అమ్ముకోవచ్చు, బ్యాంకులో పెట్టి లోన్ తెచ్చుకోవచ్చు. పిస్టల్ కొనేవాడికి లైసెన్సు ఉండాలి, ఆ లైసెన్సులో ఇంకో ఆయుధానికి చోటుండాలి. అలాంటి మనిషి దొరికినా, ఎవరికి అమ్ముతున్నారో అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలని ఆయుధ చట్టం చెబుతోంది. కాలేజీ వాళ్లు ఫీజుకు వారం గడువిస్తే ఈ 6 లక్షలు మీకు అక్కరకు రావు.

పాత విదేశీ పిస్టల్‌కి అంత ధర ఎందుకో చూడండి. 1980ల మధ్య నుంచి ప్రైవేటు దిగుమతులు ఆగిపోయాయి. ఉన్నవే చేతులు మారుతున్నాయి. అంటే మీరు 6 లక్షలు పెడుతున్నది ఆ ఇనుముకు కాదు, ప్రభుత్వ నిర్ణయం వల్ల వచ్చిన కొరతకు. ఆ నిర్ణయం మారితే ఆ ధరా మారుతుంది. 2020లోనే బ్రిటన్ ఆయుధాల కంపెనీ వెబ్లీ అండ్ స్కాట్ ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లాలో పిస్టళ్లు తయారు చేస్తామంది.

ఒక్క చట్టంతో ధర ఎలా కూలుతుందో మా ఇంట్లోనే చూశాం. ఒక్కొక్కరికి మూడు ఆయుధాల పరిమితిని 2019 డిసెంబరులో రెండుకు తగ్గించారు. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. మూడోది ఏడాదిలోగా అప్పగించాలన్నారు. మా పెద్దనాన్నగారు తన డబుల్ బ్యారెల్ తుపాకీ అమ్మాలని తిరిగినప్పుడు దుకాణాల్లో అలాంటివే వరసగా పేర్చి ఉన్నాయి. అందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లు లేరు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. చివరికి చెప్పుకోవడానికి కూడా లేని ధరకు ఇచ్చేశారు.

కొత్త రివాల్వర్‌ది ఇంకో కథ. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ మహిళల కోసమని తెచ్చిన 'నిర్భీక్' ధరే అప్పట్లో సుమారు 1.22 లక్షలు. ఇప్పుడు రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 40 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి. లక్ష రూపాయల సరుకుకు 40 వేలు పన్ను. రేపు మీ దగ్గర కొనేవాడు ఆ 40 వేలు కలిపి ఇవ్వాలనుకోడు. అదే మోడల్ కొత్తది షాపులో దొరుకుతుంటే పాతది గణనీయంగా తగ్గిస్తే తప్ప ముట్టుకోడు.

మరి అసలు కొనొద్దా? క్వారీ దారిలో రాత్రిపూట డబ్బుతో తిరుగుతారు, నిజంగా బెదిరింపులు ఉన్నాయంటే అది భద్రత ఖర్చు. సీసీ కెమెరాలకు పెట్టినట్టే అనుకోండి. కొత్తదే కొనండి, వ్యాపారంలో వచ్చే డబ్బును ఆరేడు నెలలు పక్కన పెట్టి కొనండి, ఆ డబ్బు అయిపోయిందనే లెక్క రాసుకోండి. ఎన్నికలప్పుడు చాలామందిని స్టేషన్‌లో అప్పగించమంటారు, అన్నాళ్లు అది మీ దగ్గర ఉండదని కూడా గుర్తుంచుకోండి. బెదిరింపులేమీ లేకుండా, లైసెన్సు వచ్చింది కదా అని మాత్రమే అయితే వద్దు.

కొన్నాక లైసెన్సు పుస్తకం ఎక్కడుందో మీ ఆవిడకు చెప్పండి. మీకేమైనా అయితే లైసెన్సు లేకుండా ఆమె దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు, స్టేషన్‌లోగానీ లైసెన్సు ఉన్న దుకాణంలోగానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. ఈ సంగతి ఆమెకు ముందే తెలిసుండాలి.