ఇంటూ–సున్నా: మూల నుంచి మొదలైతే

ప్రశ్న: టిక్ టాక్ టోలో మా అబ్బాయి మూలగడిలో ఇంటూ పెడితే చాలు, నేను ఓడిపోతున్నానండి. రెండోవాళ్లకు దారే లేదా?

జవాబు: ఉందండి, ఒక్కటే: నడిమిగడి. మిగతా ఏడింటిలో ఎక్కడ సున్నా పెట్టినా ఆట తెలిసినవాడు గెలిచేస్తాడు. గడులకు ఫోన్‌లోలాగా 1 నుంచి 9 అంకెలు అనుకోండి. ఇంటూ 1లో, మీ సున్నా 5లో. మీవాడు ఎదురుమూల 9 పట్టాడా, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మీరు 3 తీసుకుంటే 7లో అడ్డుకుంటాడు; దాంతో 4, 8 రెండుచోట్లా గెలుపు సిద్ధం. మీరు ఒక్కటే మూయగలరు. అందుకే 2 పెట్టండి. 8లో అడ్డుకోక తప్పదు. మీరు 7, వాడు 3, మీరు 6. డ్రా! నడిమిగడితో మొదలెడితే మాత్రం మీరు మూల పట్టాలి. పక్కగడి పట్టారో, ఇరుక్కున్నట్టే.