పాలసీ రాయాలంటే ముందు ఫైర్‌వాల్ తెలియాలి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరం చదువుతోంది. కోడింగ్‌పై ఆసక్తి లేదు. సంస్థలకు నెట్‌వర్క్ సెక్యూరిటీ పాలసీలు రూపొందించి, నిర్వహించే ఉద్యోగంలో స్థిరపడాలనుకుంటోంది. అందుకోసం సమాచార భద్రత నిర్వహణ ప్రమాణమైన ఐఎస్‌ఓ 27001 లీడ్ ఆడిటర్ కోర్సులో చేరతానంటోంది. ఇది సరైన నిర్ణయమేనా? - ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: రంగం ఎంపిక మంచిదే కానీ, ఆ కోర్సుతో మొదలుపెట్టడం సరైన క్రమం కాదు. సాధారణంగా ఐదు రోజులు సాగే ఆ శిక్షణలో చేరి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అయితే ఆడిట్ అనుభవం లేనివారికి లీడ్ ఆడిటర్ హోదా దక్కదు. నెట్‌వర్క్‌లోకి వచ్చిపోయే ట్రాఫిక్‌ను వడపోసే ఫైర్‌వాల్‌ను చూసుకునే బృందంలోనో, సైబర్ దాడులను కనిపెట్టే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లోనో, ఐటీ ఆడిట్ విభాగంలోనో కొన్నేళ్లు పనిచేసినవారికే సంస్థలు సాధారణంగా పాలసీ బాధ్యతలు అప్పగిస్తాయి.

ఎందుకలా అన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. 'బయటి వెండర్లు వీపీఎన్ (ఇంటర్నెట్‌పై సురక్షిత మార్గం) ద్వారా, రెండంచెల ధ్రువీకరణతో, అనుమతి పొందిన సర్వర్లను మాత్రమే, నిర్ణీత గడువు వరకే వాడుకోవాలి' అని ఒక బ్యాంకు పాలసీలో ఉందనుకోండి. ఈ వాక్యం అమలు కావాలంటే కనెక్షన్ ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి వెళ్తోంది, ఏ పోర్టు (ఒక్కో సర్వీసుకు ఉండే నంబరు) వాడుతోంది, దాన్ని అనుమతించాలా అడ్డుకోవాలా అన్న వివరాలతో ఫైర్‌వాల్‌లో రూల్ రాయాలి. ఫైర్‌వాల్‌లు చాలావరకు ఈ రూల్స్‌ను పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, మొదట సరిపోలినదాన్నే అమలు చేస్తాయి. అందువల్ల పైవరుసలో ఎవరో తొందరపడి ఎవరినైనా ఎక్కడికైనా అనుమతించే 'ఎనీ-ఎనీ' రూల్ పెడితే, దాని కింద ఎంత జాగ్రత్తగా రాసినా ప్రయోజనం ఉండదు. ఇక శుక్రవారం సాయంత్రం సర్వర్ మొరాయించిందని, వెండర్ ఇంజినీరు రిమోట్‌గా చూసేందుకు, రిమోట్ డెస్క్‌టాప్‌కు వాడే 3389 పోర్టును 'తాత్కాలికంగా' తెరుస్తారు. పని అయిపోతుంది, రూల్ అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలల తర్వాత రివ్యూలో అది బయటపడేసరికి, దాన్ని అడిగిన మేనేజరు సంస్థ మారిపోయి ఉంటారు. తీసేస్తే ఏ అప్లికేషన్ ఆగిపోతుందోనన్న భయంతో ఎవరూ దాన్ని ముట్టుకోరు.

పాలసీ నిర్వహణలో అసలు శ్రమంతా ఇక్కడే ఉంటుంది. ప్రతి మినహాయింపును ఎవరు అడిగారో, ఎందుకు ఇచ్చారో, ఎప్పటితో ముగుస్తుందో నమోదు చేయాలి. ఒక్కో రూల్ ఎన్నిసార్లు సరిపోలిందో తెలిపే హిట్ కౌంట్ చూసి వాడుకలో లేని రూల్స్‌ను గుర్తించాలి. 'మా పని ఆగిపోతుంది' అనే విభాగాధిపతులకు నచ్చజెప్పి వాటిని తీయించాలి. డాక్యుమెంటు రాయడం ఇందులో చిన్న భాగం. దాని నమూనాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఇప్పుడు ఏఐ టూల్స్ నిమిషాల్లో రాసి పెడుతున్నాయి కూడా.

ఈ పనికి గిరాకీ తగ్గే సూచన నాకు కనిపించడం లేదు, ఎందుకంటే దాని వెనుక చట్టపరమైన ఒత్తిడి ఉంది. బ్యాంకులు ఐటీ పాలసీతో కలపకుండా, బోర్డు ఆమోదించిన ప్రత్యేక సైబర్ సెక్యూరిటీ పాలసీని అమలు చేయాలని రిజర్వు బ్యాంకు 2016 జూన్‌లోనే ఆదేశించింది. నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను (సిస్టమ్‌లలో జరిగినవాటి నమోదులను) 180 రోజుల పాటు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఉత్తర్వులిచ్చింది. వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కల్పించింది. '180 రోజులు' అని పాలసీలో రాయడం ఎవరికైనా సాధ్యమే. తమ లాగ్ సర్వర్‌లో అన్ని రోజుల డేటాకు చోటుందో లేదో చూసి చెప్పగలిగినవారికే సంస్థల్లో విలువ ఉంటుంది.

ఈసీఈ నేపథ్యం మీ అమ్మాయికి కలిసొచ్చే అంశం. ముందుగా సిస్కో సంస్థ నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ అయిన సీసీఎన్‌ఏ స్థాయిలో ఐపీ అడ్రసింగ్, సబ్‌నెటింగ్, వీల్యాన్, యాక్సెస్ కంట్రోల్ లిస్టులు క్షుణ్నంగా నేర్చుకోమనండి. ఆ తర్వాత సెక్యూరిటీ ప్లస్ అనే ప్రాథమిక భద్రతా సర్టిఫికేషన్ పరీక్ష రాయవచ్చు. పూర్తికాలపు శిక్షణ కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ నిర్వహించే ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ పీజీ డిప్లొమాను పరిశీలించండి. అందులో ప్రవేశానికి సీ-క్యాట్ రాయాలి. సెక్యూరిటీ, ఐటీ ఆడిట్ రంగాల్లో ఉన్నత స్థాయివైన సీఐఎస్‌ఎస్‌పీ, సీసా వంటి సర్టిఫికేషన్లకు సాధారణంగా ఐదేళ్ల అనుభవం కావాలి కాబట్టి, వాటి పేరుతో ఫ్రెషర్లకు ఉద్యోగం గ్యారెంటీ అనే అమీర్‌పేట బోర్డులను చూసి ఫీజు కట్టకండి. కోడింగ్ విషయానికొస్తే, సాఫ్ట్‌వేర్ డెవలపర్ స్థాయి అవసరం లేదు. కానీ వేల వరుసల రూల్ పట్టికను జల్లెడ పట్టడానికి సరిపడా పైథాన్ మాత్రం నేర్చుకోక తప్పదు.

ఈ సెలవుల్లో ఆమెను ఒక ప్రాజెక్టు చేయమనండి. విద్యార్థులు, అధ్యాపకులు, అతిథులు వాడే కాలేజీ ల్యాబ్ నెట్‌వర్క్‌కు రెండు పేజీల పాలసీ రాసి, ఇంట్లో కంప్యూటర్‌లోనే, దానిలో మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌పై పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్‌ను ఉచితంగా పెట్టుకుని, పాలసీలోని ఒక్కో వాక్యాన్ని రూల్‌గా మార్చాలి. ఏ వాక్యం రూల్‌గా మారలేదో, ఎందుకు మారలేదో కూడా రాసిపెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి లీడ్ ఆడిటర్ సర్టిఫికెట్ కన్నా ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది. ఆపరేషన్స్‌లో తొలి ఉద్యోగానికి తరచూ రాత్రి షిఫ్టులు ఉంటాయి. ఆ విషయం ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.