ఫ్యాన్ ఫిల్మ్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీకిష్టమైన సినిమా పాత్రలతో అభిమానిగా నువ్వు తీయబోయే ఫ్యాన్ ఫిల్మ్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. తండ్రీకూతుళ్ల సీను చాలా బాగా కుదిరింది. కానీ నలభై నిమిషాల నిడివి, అసలు సినిమా బీజీఎం, ఖర్చుకి చందాలు అన్నావు. ఈ మూడూ ఒకచోట చేరితే ఫ్యాన్ ఫిల్మ్ కష్టాల్లో పడుతుంది.

"డబ్బు తీసుకోవట్లేదు కదా" అని రాశావు. ఆ ఒక్క మాట చాలదు. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు ఉన్నాయి. అభిమానం లేదు. పేరడీ అన్న మాటా లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇతివృత్తం మీద ఎవరికీ కాపీరైట్ ఉండదనీ, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ అనీ తేల్చింది. కాబట్టి పగ, త్యాగం లాంటివి నువ్వు ధైర్యంగా రాసుకోవచ్చు. అదే హీరో పేరు, అదే వేషం, అవే డైలాగులు పెట్టుకుని ఆ తీర్పు అండ చూసుకోవడం మాత్రం కుదరదు.

నువ్వు తప్పక చదవాల్సింది అమెరికాలో జరిగిన 'ఆక్సనార్' కేసు. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల సిరీస్ అభిమానులు దశాబ్దాలుగా సినిమాలు తీసుకుంటుంటే హక్కుదారులు చాలావరకు చూసీచూడనట్టు ఊరుకున్నారు. 'ఆక్సనార్' అలాంటి ఫ్యాన్ ఫిల్మే. 2014లో దాని బృందం ముందుగా 21 నిమిషాల చిత్రం తీసింది. పెద్ద సినిమా కోసం పోగైన చందాలు పది లక్షల డాలర్లు దాటాయి. 2015 డిసెంబరు ఆఖర్లో స్టార్ ట్రెక్ హక్కులున్న పారామౌంట్, సీబీఎస్ దావా వేశాయి. ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకమే అన్న వాదన చెల్లదని 2017 జనవరిలో జడ్జి చెప్పారు. అదే నెలలో రాజీ కుదిరి, పెద్ద సినిమా కాస్తా పదిహేనేసి నిమిషాల రెండు భాగాలకు కుదించుకుపోయింది.

దావా నడుస్తుండగానే, 2016 జూన్‌లో, ఆ సంస్థలు అభిమానుల కోసం నియమాలు ప్రకటించాయి. ఒక కథ 15 నిమిషాల లోపు ఉండాలి. రెండు భాగాలైతే మొత్తం 30 దాటకూడదు, సీక్వెల్ ఉండకూడదు. పేరులో 'స్టార్ ట్రెక్' రాకూడదు గానీ, ఇది అభిమానుల నిర్మాణమని కింద ఉపశీర్షిక తప్పనిసరి. అసలు సిరీస్ క్లిప్పులు వాడకూడదు. పనిచేసినవాళ్లకు పారితోషికం ఉండదు. చందా 50,000 డాలర్లు మించకూడదు. ప్రకటనల ఆదాయం, డీవీడీలు నిషిద్ధం. ఇవి చట్టం కాదు, ఇలా తీస్తే అభ్యంతరం చెప్పబోమని ఒక హక్కుదారు ఇచ్చిన మాట మాత్రమే. నీ సినిమా నిర్మాతకు ఇవి వర్తించవు. అయినా హక్కుదారులకు ఎక్కడ గుచ్చుకుంటుందో ఇంత వివరంగా ఇంకెక్కడా దొరకదు, అందుకే దగ్గర పెట్టుకోమంటున్నాను.

ఇక సంగీతం. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సినిమా హక్కులు నిర్మాత దగ్గరుంటే ఆడియో హక్కులు చాలాసార్లు ఇంకో కంపెనీ దగ్గర ఉంటాయి. నిర్మాత నవ్వుతూ సరేనన్నా పాట కంపెనీ యూట్యూబ్‌లో 'ఇది మాది' అని క్లెయిమ్ వేయొచ్చు. కీబోర్డు మీద మళ్లీ వాయించినా తప్పించుకోలేవు. పాత రికార్డింగు వాడలేదంతే, బాణీ మాత్రం వాళ్లదే. 2018లో స్టార్ వార్స్ సినిమాల విలన్ డార్త్ వేడర్ మీద వచ్చిన ఒక ఫ్యాన్ ఫిల్మ్‌కి ఇదే జరిగింది. కొత్తగా కూర్చిన సంగీతంలో పాత బాణీ ఛాయ ఉందని పాటల ప్రచురణ సంస్థ క్లెయిమ్ వేసింది. చివరికి స్టార్ వార్స్ నిర్మాణ సంస్థ లూకాస్‌ఫిల్మ్ కలగజేసుకుంటే గానీ అది తొలగలేదు. నీ మూడో సీనులో హీరో ఎంట్రీకి రాసుకున్న ఆ ఎనిమిది సెకన్ల బిట్టు తీసెయ్యి. ఆ చోట రైలు చప్పుడు చాలు, నువ్వు రాసిన స్టేషన్‌లో అది ఎలాగూ ఉంది.

యూట్యూబ్‌లో క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ పడితే ఆదాయం అటు పోతుంది, లేదా వీడియో ఆగిపోతుంది. స్ట్రైక్ అంటే హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసి ఛానల్‌కి వేసే హెచ్చరిక. కాపీరైట్ స్ట్రైకులు 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు. "హక్కులన్నీ యజమానులవే" అని మొదట్లో వేసే కార్డు మర్యాదకు మంచిదే, అనుమతికి బదులు కాదు.

నిర్మాణ సంస్థకు ఒక పేజీ ఉత్తరం రాయి. కథ ఐదు వాక్యాల్లో చెప్పు. నిడివి, ఎక్కడ చూపిస్తావు, డబ్బు ప్రసక్తి లేదన్న సంగతి, ఏ పాత్రలు వాడుతున్నావు, అన్నీ రాయి. జవాబు రాకపోతే సరేనన్నట్టు కాదు. చందా పేజీ మాత్రం రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా తెరవకు.

ఈలోగా స్క్రిప్టులో పాత్రల పేర్లు మార్చి ఒకసారి చదువు. తండ్రీకూతుళ్ల సీను అప్పుడూ అంతే బలంగా నిలబడితే, ఆ పదిహేను పేజీలు విడిగా తీసి నాకు పంపు.

మీ అన్నయ్య